గిజిగాడి గూటి కింద కాపురం

పక్షుల సలీం అలీ వెంట నడిచిన ఇంటి మనుషుల కథ

ఆదివారం వస్తే చాలు, శ్రీరంగపట్నం దగ్గర రంగనతిట్టులో పడవల కోసం క్యూ కడతారు. కావేరి మధ్యలో చిన్న చిన్న దీవులు. చెట్ల నిండా ఎర్రకాళ్ల కొంగలు, తెడ్డుమూతి కొంగలు, గూడబాతులు. బండల మీద నోరు తెరుచుకుని ఎండ కాగే మొసళ్లు. మొసలిని చూసి పిల్లలు అమ్మ కొంగు పట్టుకుంటారు. నాన్న కెమెరా తీస్తాడు. ఆ పడవల్లో తెలుగు మాటలు వినబడటం కొత్తేమీ కాదు. కోలారు, బళ్లారి, హోసూరు వైపు నుంచి మైసూరు చూడ్డానికి పోయినవాళ్లు తిరుగు దారిలో ఇక్కడ ఓ పూట ఆగుతారు.

ఈ దీవులు 1940లో రక్షిత ప్రాంతం అయ్యాయి. పిట్టలు గుడ్లు పెట్టే చోటు ఇది, దీన్ని కాపాడండి అని మైసూరు ఒడయార్లకు నచ్చజెప్పి ఒప్పించిన మనిషి సలీం అలీ. అప్పుడాయన మైసూరు సంస్థానంలో పక్షుల సర్వే చేస్తున్నారు. వయసు నలభై మూడు. అంతకు ముందటి ఏడాదే భార్య తెహ్మినా చనిపోయింది. సర్వే డేరాలో ఎప్పుడూ పక్కనుండే మనిషి లేకుండా ఆయన కావేరి గట్టున తిరిగిన రోజులవి.

సలీం అలీ అనగానే మనకు గుర్తొచ్చేది బక్కపలచని శరీరం, తెల్ల గడ్డం, మెడలో బైనాక్యులర్స్. ఒంటరిగా అడవులు పట్టి తిరిగిన ముసలాయన బొమ్మ. స్కూలు పుస్తకాల్లో అదే ఉంటుంది. కానీ ఆయన పిట్టల పిచ్చి పుట్టింది ఇంట్లో, పెరిగింది ఇంటివాళ్లతో పోయిన పల్లెటూరి షికార్లలో. అందులో తెహ్మినా పాత్ర చాలా పెద్దది. పేరు మాత్రం చిన్న అక్షరాల్లోనే మిగిలింది.

మేనమామ ఇంట్లో

సలీం మొయిజుద్దీన్ అబ్దుల్ అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టాడు. పెద్ద కుటుంబంలో ఆఖరివాడు. ఏడాది వయసులో తండ్రి పోయాడు. మూడేళ్లప్పుడు తల్లి జీనత్ ఉన్నీసా కూడా పోయింది. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్త హమీదా బేగం పిల్లలందర్నీ ఖేత్‌వాడీలోని తమ ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్లకు సొంత పిల్లలు లేరు. అయినా ఇల్లు ఎప్పుడూ పిల్లలతో నిండి ఉండేది. ఇంకో మేనమామ అబ్బాస్ త్యాబ్జీ పేరు స్వాతంత్య్రోద్యమ చరిత్రలో ఉంటుంది. 1930లో గాంధీని అరెస్టు చేశాక ఉప్పు సత్యాగ్రహం బాధ్యత ఎత్తుకున్న పెద్దాయన ఆయనే.

సెలవులకు ఇంటిల్లిపాదీ చెంబూరు పోయేవాళ్లు. ఇప్పుడు చెంబూరు అంటే బొంబాయి నడిబొడ్డు లాంటిదే. అప్పట్లో తోటలు, పొలాలు, చిట్టడవి. రాత్రిళ్లు నక్కల ఊళలు. మేనమామకు వేటంటే సరదా. మగపిల్లలకు ఆ సరదా అంటుకుంది. కౌజు పిట్టలు, పూరేడు పిట్టలు కొట్టి తెచ్చి వండుకు తినడం ఆ ఇంట్లో మామూలు సంగతి. సలీం చేతికి ఓ చిన్న ఎయిర్‌గన్ వచ్చింది. గురి పెట్టి పిచ్చుకల్ని కొట్టేవాడు.

పదేళ్ల వయసులో అలా కొట్టిన ఓ పిచ్చుక మామూలుగా లేదు. గొంతు కింద పసుపు మచ్చ ఉంది. ఇది తినొచ్చా, తినకూడదా అన్న అనుమానం కుర్రాడిది. మేనమామను అడిగాడు. ఆయనకూ ఆ పిట్ట ఏదో తెలియలేదు. కానీ ఆయన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీలో సభ్యుడు. 1883లో మొదలైన ఆ సంఘంలో తొలినాళ్ల భారతీయ సభ్యుల్లో ఒకడు. పిచ్చుకను కాగితంలో చుట్టించి, ఓ ఉత్తరం రాసిచ్చి సంఘం కార్యదర్శి మిల్లార్డ్ దగ్గరికి పంపాడు.

దొరల ఆఫీసులోకి ఒంటరిగా పోవాలంటే ఆ కాలపు కుర్రాడికి కాళ్లు వణకవా మరి. పోయాడు. మిల్లార్డ్ కసురుకోలేదు. అది పసుపు గొంతు పిచ్చుక అని చెప్పి, బీరువా సొరుగులు లాగి ఆరబెట్టి దాచిన వందల పిట్టల్ని చూపించాడు. చదువుకోమని పుస్తకాలిచ్చాడు. పిట్ట చర్మాన్ని ఒలిచి పాడవకుండా దాచే పని నేర్చుకునే ఏర్పాటు చేశాడు. తర్వాత ఎనభై ఏళ్లకు రాసుకున్న ఆత్మకథకు సలీం అలీ ఆ పిచ్చుక నేలరాలిన ముచ్చటనే పేరుగా పెట్టుకున్నారు.

తెలియని పిట్ట అవతల పారెయ్ అని మేనమామ అనుంటే? ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఇంట్లో పెద్దవాళ్లు పిల్లల ప్రశ్నను పట్టించుకోవడం, ఓ ఉత్తరం ముక్క రాసివ్వడం. జరిగిందంతా ఇదే.

చదువు అబ్బలేదు, వ్యాపారమూ అబ్బలేదు

సలీం చదువు అంతంతమాత్రం. తలనొప్పుల బాధ ఒకటి. 1913లో మెట్రిక్ గట్టెక్కాడు. కాలేజీ సగంలో వదిలేసి బర్మాలోని తవాయ్‌కి పోయాడు. అక్కడ కుటుంబానికి టంగ్‌స్టన్ గనులు, కలప వ్యాపారం ఉన్నాయి. సరిగ్గా ఆ కాలంలోనే మన తూర్పు తీరం నుంచి వేలమంది తెలుగు కూలీలు ఓడలెక్కి రంగూన్ పోయేవాళ్లు. యానాం పక్కనున్న కోరంగి రేవు పేరు మీద బర్మా వాళ్లు తెలుగువాళ్లందర్నీ కోరంగీలు అనేవాళ్లు. వాళ్లు పొట్ట కోసం పోతే ఈ కుర్రాడు గనుల లెక్కలు చూడాల్సింది పోయి అడవుల్లో పిట్టల వెంట తిరిగాడు. ఆ వ్యాపారం కడకు కలిసి రాలేదు.

1917లో తిరిగొచ్చి బొంబాయిలో కామర్స్ కాలేజీలో లెక్కలు, చట్టాలు నేర్చుకున్నాడు. ఆ పక్కనే సెయింట్ జేవియర్స్ కాలేజీలో జంతుశాస్త్రం చదివాడు. మనసు ఏ క్లాసులో ఉండేదో వేరే చెప్పక్కర్లేదు.

1918 డిసెంబర్‌లో పెళ్లయింది. తెహ్మినా దూరపు బంధువే. కొంతకాలం ఇంగ్లండులో చదువుకున్న అమ్మాయి. ఆ కాలంలో అలాంటి ఇంటి పిల్ల అంటే నగరంలో బంగళా, టీ పార్టీలు ఊహించుకుంటారు ఎవరైనా. ఆమెకు మాత్రం పల్లెటూరి గాలి నచ్చింది. మొగుడి పిట్టలూ నచ్చాయి. ఈ రెండో సంగతి లేకపోతే ఈ కథ ఇంతదూరం వచ్చేది కాదు.

జేబులో డిగ్రీ లేకపోవడం సలీం అలీకి చాలాచోట్ల అడ్డొచ్చింది. ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో పక్షిశాస్త్రవేత్త ఉద్యోగం అందుకే రాలేదు. 1926లో బొంబాయి ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో జనానికి వివరించి చెప్పే గైడ్ లెక్చరర్ కొలువు దొరికింది. నెలకు 350 రూపాయలు. ఆ రోజుల్లో అది మంచి జీతమే. రెండేళ్లు చేశాక, సరిగ్గా నేర్చుకుంటే తప్ప లాభం లేదనుకుని సెలవు పెట్టి జర్మనీ పోయారు. బెర్లిన్ మ్యూజియంలో ప్రొఫెసర్ స్ట్రెస్‌మాన్ దగ్గర శిష్యరికం చేశారు. పిట్టల కాళ్లకు రింగులు తొడిగి వలసలు కనిపెట్టే విద్య హెలిగోలాండ్ దీవిలో చూశారు. 1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో డబ్బుల్లేక ఆ పోస్టునే ఎత్తేశారు.

ముప్పై నాలుగేళ్ల మనిషి. చేతిలో పని లేదు. బొంబాయిలో ఖర్చులు తట్టుకోలేక దంపతులిద్దరూ మూటాముల్లె సర్దుకుని సముద్రం అవతల కిహిం అనే పల్లెకు చేరారు.

కిహింలో గిజిగాళ్లు

కిహిం మహారాష్ట్ర తీరంలో అలీబాగ్ దగ్గరుంది. కొబ్బరి చెట్లు, ఇసుక, వరి మళ్లు. వాళ్లుండే ఇంటి దగ్గర్లోనే ఓ చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు కడుతున్నాయి. ఉద్యోగం పోయిన మనిషికి పొద్దు గడవాలి కదా. సలీం అలీ ఓ నిచ్చెన వేసి, దాని మీద గుడ్డతో చాటు కట్టి, అందులో గంటల తరబడి కూర్చున్నారు.

గిజిగాడి గూడు చూడని తెలుగువాడు ఉండడు. బావి గట్టు మీద ఈతచెట్టుకో, తుమ్మకొమ్మకో వేలాడుతూ గాలికి ఊగుతుంటుంది. మిణుగురు పురుగును తెచ్చి లోపల మట్టికి అంటించి దీపం పెట్టుకుంటుందని పెద్దవాళ్లు చెప్పే కథ మనందరం విన్నదే. లోపల మట్టి ముద్దలు ఉండే మాట నిజం. దీపం మాత్రం కథ.

ఒకే చెట్టుకు కొన్ని గూళ్లు పూర్తయి, కొన్ని సగంలో ఎందుకు ఆగిపోతాయన్నది అప్పటికి ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. మగపిట్ట పడుకోవడానికి కట్టుకుందేమో అని ఓ ఊహ ఉండేది. కిహిం నిచ్చెన మీద అసలు సంగతి బయటపడింది. గూడు కట్టేది మగపిట్ట. గడ్డిపోచలు, ఆకు చీలికలు తెచ్చి బోర్లించిన టోపీలాగా సగం గూడు అల్లుతుంది. అప్పుడు ఆడపిట్టలు వస్తాయి. లోపలికి దూరి, పీకి, లాగి పరీక్ష చేస్తాయి. నచ్చితే ఒకటి ఉండిపోతుంది. అప్పుడు మగది మిగతా సగం పూర్తి చేసి కింద గొట్టం లాంటి దారి అల్లుతుంది. గుడ్లు పొదిగేది ఆడదొక్కటే. మగపిట్ట అక్కడ ఆగదు. ఇంకో కొమ్మ చూసుకుని ఇంకో గూడు మొదలు పెడుతుంది. అక్కడికి ఇంకో ఆడపిట్ట. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే ఎండిపోతుంది. అంటే ఇల్లు కట్టే మేస్త్రీ మగాడే గానీ, సై అనాల్సింది ఇల్లాలు.

వరుసగా ఒకదాని తర్వాత ఒకటి కాపురాలు పెట్టే ఈ పద్ధతిని గమనించి రాసిన వ్యాసం పక్షిశాస్త్రంలో సలీం అలీకి పేరు తెచ్చింది. దానికి ప్రయోగశాల లేదు, గ్రాంటు లేదు. ఓ నిచ్చెన, ఓ నోటుబుక్కు, ఉద్యోగం లేని మొగుణ్ని పల్లెటూళ్లో భరించిన ఇల్లాలు ఉన్నారు. పది కాపురాలు పెట్టే పిట్ట గురించి ఒక్క కాపురం నమ్ముకున్న మనిషి రాశాడు.

నిజాం ఇలాకాలో డేరా

సంస్థానాల్లో ఏ పిట్టలున్నాయో ఎవరూ పద్ధతిగా చూడలేదు. జీతం అక్కర్లేదు, తిరగడానికి, డేరాలకు అయ్యే ఖర్చు ఇస్తే నేనే సర్వే చేసిపెడతానని సలీం అలీ ముందుకొచ్చారు. మొదట ఒప్పుకున్నది హైదరాబాద్ సంస్థానం. 1931లో మొదలై 1932 దాకా సాగింది.

ఇక్కడ మన సరిహద్దు జిల్లాల వాళ్లు ఓ సంగతి గుర్తు చేసుకోవాలి. నిజాం సంస్థానమంటే ఒక్క తెలంగాణ కాదు. ఔరంగాబాద్, నాందేడ్, బీదర్, గుల్బర్గా, రాయచూరు అన్నీ అందులోవే. 1956లో గీతలు గీశాక మూడు రాష్ట్రాలకు పంచిన నేల అది. తెలుగు, మరాఠీ, కన్నడ, ఉర్దూ, గోండీ మాట్లాడే ఊళ్లన్నిటి పిట్టలూ ఆ సర్వేలో ఒకే జాబితాలోకి ఎక్కాయి. పాలపిట్టకు రాయచూరు ఏ రాష్ట్రంలో ఉంటే ఏం?

ఆ క్యాంపుల్లో తెహ్మినా ఉంది. ఆ తర్వాత చేసిన సర్వేల్లోనూ చాలావరకు ఉంది. బండి దారి ఉన్నంత దూరం బండి, లేని చోట కాలినడక. నల్లమలలో అమ్రాబాద్ పీఠభూమి మీద, చెంచుల గూడేల దగ్గర కూడా డేరా పడింది. పులులు తిరిగే అడవి. జ్వరాల అడవి.

సర్వే అంటే పిట్టల్ని చూసి రాసుకోవడం ఒక్కటే కాదు. తెల్లారకముందే లేవాలి. పిట్టలు చురుగ్గా తిరిగే మొదటి రెండు మూడు గంటలే అసలు పని. చూసినవి రాసుకోవాలి, గుర్తుపట్టలేనివి, రకానికి కొన్ని చొప్పున తుపాకీతో కొట్టి తేవాలి. ఎండెక్కితే పిట్ట శరీరం పాడవుతుంది. అందుకే వెంటనే తోలు ఒలిచి, మందు పూసి, దూది కూరి, కుట్టి ఆరబెట్టాలి. రెక్క పొడవు, ముక్కు పొడవు కొలవాలి. ఏ ఊరు, ఏ తేదీ, ఆడదా మగదా, అన్నీ రాసిన చీటీ కాలికి కట్టాలి. చీటీ లేని పిట్ట దేనికీ పనికిరాదు. చీమలు, ఎలుకలు, వాన, వీటన్నిటి నుంచి పెట్టెల్ని కాపాడాలి. ఈ పని నడిచినన్నాళ్లూ పొయ్యి వెలగాలి, సామాను సర్దాలి, కూలీలకు లెక్క చూడాలి. ఆ సంసారం తెహ్మినా నడిపింది. రిపోర్టుల్లో ఈ పనికి గడి ఉండదు.

హైదరాబాద్ సర్వే ఫలితాలు 1933, 34లో బొంబాయి సంఘం పత్రికలో భాగాలు భాగాలుగా అచ్చయ్యాయి. ఇంగ్లండులో ఉన్న హ్యూ విస్లర్ అనే పక్షిశాస్త్రవేత్త వాటికి వివరణలు చేర్చాడు. ఆ తర్వాత ట్రావన్‌కోర్, కొచ్చిన్, ఇంకా మధ్య భారత సంస్థానాలు. మధ్యలో కొన్నాళ్లు డెహ్రాడూన్‌లో కాపురం. పిల్లల్లేరు. ఇద్దరూ, డేరా, పిట్టలు.

ఇప్పటి పాఠకులకు ఓ ఇబ్బంది కలగొచ్చు. పిట్టల్ని కాపాడిన మనిషి పిట్టల్ని కొట్టాడా? కొట్టాడు. దాచలేదు కూడా. ఆ నాటికి మంచి కెమెరాలు లేవు, గుర్తుపట్టే పుస్తకాలు లేవు. చేతిలో పిట్ట లేనిదే ఏ జాతో తేల్చలేని కాలం. చదువు కోసం కొన్ని పిట్టల్ని తియ్యడం వేరు, అడవినే నరికెయ్యడం వేరు అన్నది ఆయన లెక్క. ఆ లెక్క అందరికీ నచ్చాలని లేదు. కానీ ఈ రోజు రాయచూరులోనో ఆదిలాబాద్‌లోనో తొంభై ఏళ్ల కింద ఏ పిట్ట ఉండేదో తెలిసిందంటే అది కాళ్లకు చీటీ కట్టిన ఆ పిట్టల వల్లనే.

1939

1939లో తెహ్మినాకు ఓ చిన్న ఆపరేషన్ జరిగింది. దాని తర్వాత ఆమె కోలుకోలేదు. చనిపోయింది. ఇరవై ఏళ్ల కాపురం.

సలీం అలీ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. సోదరి కామూ, బావ హసన్ ఆయన్ను తమ ఇంటికి తెచ్చుకున్నారు. బొంబాయి పాలీ హిల్‌లో ఆ ఇంటి నుంచే మిగతా జీవితమంతా పని చేశారు. చిన్నప్పుడు తల్లిదండ్రులు పోతే మేనమామ ఇల్లు, ఇప్పుడు భార్య పోతే తోబుట్టువు ఇల్లు. పేరున్న చాలామంది వెనక ఇలాంటి ఇళ్లు ఒకటో రెండో ఉంటాయి, బోర్డులుండవు.

మైసూరు సర్వే 1939లోనే మొదలైంది. రంగనతిట్టు సంగతి మొదట్లో చెప్పుకున్నదే. ఆ మరుసటి ఏడాది, 1941లో, ఆయన భారతీయ పక్షుల పుస్తకం వచ్చింది. అంతకుముందున్న పుస్తకాలు లావుపాటి సంపుటాలు, చదువుకున్న దొరలకు తప్ప అర్థం కానివి. ఇది అలా కాదు. రంగుల బొమ్మ, పిట్ట ఎంత ఉంటుందో పిచ్చుకతోనో మైనాతోనో పోలిక, ఎక్కడ కనబడుతుంది, ఎలా అరుస్తుంది, ఎప్పుడు గూడు కడుతుంది. చేతిలో పట్టుకుని పొలం గట్టున నిలబడి చూసుకోగల పుస్తకం. సెలవురోజు పిల్లల్ని వెంటబెట్టుకుని పిట్టలు చూడ్డానికి పోయే అలవాటు మన దేశంలో ఇళ్లల్లోకి వచ్చిందంటే ఈ పుస్తకం చలవ చాలా ఉంది. ఎన్ని ముద్రణలు పొందిందో.

యుద్ధ కాలంలో జపాన్ సేనలకు దొరక్కుండా సింగపూరు నుంచి పారిపోయి వచ్చిన లోక్ వాన్ థో అనే సినిమా హాళ్ల యజమాని బొంబాయిలో ఆయనకు స్నేహితుడయ్యాడు. డబ్బున్నవాడు, ఫొటోల పిచ్చివాడు. ఇద్దరూ కచ్ వైపు పిట్టల కోసం పోయారు. తర్వాత సలీం అలీ పనులకు అతను ఎంతో సాయం చేశాడు. 1964లో విమాన ప్రమాదంలో పోయాడు.

సరదా సంగతి ఒకటి. సలీం అలీకి మోటారు సైకిళ్లంటే ప్రాణం. 1950లో స్వీడన్‌లోని ఉప్సాలాలో పక్షిశాస్త్రవేత్తల మహాసభ జరిగితే, తన సన్‌బీమ్ బండిని ఓడలో వేయించుకుని యూరప్ పోయి, అక్కడి రోడ్ల మీద నడుపుకుంటూ సభకు చేరారు. ఇండియా నుంచి బండి మీదే వచ్చేశారని అక్కడ కొందరు నమ్మేశారు కూడా. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు.

శివమొగ్గ జ్వరం, కోడియక్కరై రింగులు

స్వాతంత్య్రం వచ్చాక బొంబాయి సంఘం భారం ఆయన మీద పడింది. డబ్బుల్లేక మూతబడే స్థితిలో నెహ్రూకు రాసి సాయం తెచ్చారు. సంఘానికి అసలు మలుపు మాత్రం కర్ణాటకలో వచ్చిన ఓ జబ్బు వల్ల వచ్చింది. 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడ్డాయి, మనుషులకు జ్వరాలు వచ్చాయి. మంగన కాయిలె, అంటే కోతి జబ్బు అంటారు అక్కడ. ఆ వైరస్ రష్యా వైపు ఉన్న ఓ జబ్బుకు దగ్గరగా ఉండటంతో, వలస పిట్టల ఒంటిమీది పిడుదులు మోసుకొచ్చాయేమో అన్న అనుమానం పుట్టింది. అది తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ డబ్బిచ్చింది. సంఘం వాళ్లు వలలు కట్టి, వేల పిట్టల్ని పట్టి, కాళ్లకు రింగులు వేసి వదిలారు.

పిట్టల మీద పడ్డ నింద నిలబడలేదు. కానీ ఆ పనిలో మన దేశానికి వచ్చే వలస పిట్టల దారులు తెలిశాయి. తమిళనాడులో వేదారణ్యం దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న కోడియక్కరై అలా రింగుల పనికి పెద్ద కేంద్రమైంది. ముప్పై ఏళ్ల కింద హెలిగోలాండ్ దీవిలో నేర్చుకున్న విద్య బంగాళాఖాతం ఒడ్డున పనికొచ్చింది.

ఈ పనుల నడుమ ఇంటి షికార్లు ఆగలేదు. ఆ కుటుంబంలో తర్వాతి తరానికీ పిట్టలు అంటుకున్నాయి. మేనకోడలు లయీక్ ఫతేహల్లీతో కలిసి 1967లో నేషనల్ బుక్ ట్రస్టుకు మామూలు పిట్టల మీద చిన్న పుస్తకం రాశారు. లయీక్ భర్త జాఫర్ ఫతేహల్లీ పక్షులు చూసేవాళ్ల కోసం 1960లో ఓ చిన్న పత్రిక మొదలు పెట్టి ఏళ్ల తరబడి నడిపారు. తర్వాత ఆయన బెంగళూరులో స్థిరపడ్డారు.

అమెరికా శాస్త్రవేత్త డిలన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల పక్షుల గ్రంథం 1968 నుంచి 1974 దాకా వచ్చింది. ఆఖరి సంపుటం నాటికి ఆయనకు డెబ్బై ఏడు దాటాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1976లోనే గెట్టీ బహుమతి కింద వచ్చిన యాభై వేల డాలర్లను ప్రకృతి రక్షణ నిధికి ఇచ్చేశారు. 1985లో రాజ్యసభకు పంపారు.

బట్టమేక పిట్టను జాతీయ పక్షి చెయ్యాలని ఆయన పట్టుబట్టారు. నెమలికి జనమంతా ఉన్నారు, అంతరించేది ఇది, దీనికే ఆ పేరు దక్కితే బతుకుతుందని ఆయన ఆలోచన. 1963లో నెమలినే ఖాయం చేశారు. 1980లలో బొంబాయి సంఘం పరిశోధకులు బట్టమేక పిట్టల్ని చూసిన చోట్లలో కర్నూలు జిల్లా రోళ్లపాడు, షోలాపూర్ పక్కన నాన్నజ్ ఉన్నాయి. నేతపని మీద షోలాపూర్‌లో స్థిరపడిన మనవాళ్లకు నాన్నజ్ కొత్త పేరేం కాదు. నెమలి సంగతి సరే, బట్టమేక పిట్ట గతి తర్వాత ఏమైందో చూస్తే ముసలాయన మాట వినుంటే బాగుండేదనిపిస్తుంది.

ఆఖరి కబురు కడప నుంచి

తొంభై దగ్గర పడ్డాక ఆయనకు తెలుగు నేల నుంచి ఓ కబురు చేరింది. కలివికోడి దొరికిందని.

నెల్లూరు వైపు పనిచేసిన జెర్డన్ అనే ఇంగ్లిషు డాక్టరు 1848లో లోకానికి తెలిపిన పిట్ట అది. కలివి పొదల్లో తిరుగుతుంది, రాత్రిపూటే బయటికొస్తుంది. 1900లో అనంతపురం వైపు ఒకసారి కనబడి, ఆ తర్వాత జాడ లేదు. అంతరించిపోయిందనే లెక్క రాశారు. ఎందరో వచ్చి వెతికి పోయారు. 1980లలో సంఘం తరఫున భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లాలో ఊరూరా తిరిగి పిట్ట బొమ్మ చూపించి అడిగాడు. 1986 జనవరిలో అయితన్న అనే పిట్టల వేటగాడు ఓ రాత్రి లైటు వెలుగులో దాన్ని ప్రాణాలతో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత.

ఆ పిట్ట ఎక్కువ రోజులు బతకలేదు. దాన్ని పాడవకుండా చేసి బొంబాయిలో దాచారు, సలీం అలీ చిన్నప్పుడు మిల్లార్డ్ సొరుగులు లాగి చూపించిన ఆ సంఘంలోనే. పుస్తకాలు చదివినవాళ్లు ఎనభై ఆరేళ్లు వెతికినదాన్ని అడవి తెలిసిన మనిషి ఒక్క రాత్రిలో పట్టుకొచ్చాడు. ఈ సంగతి చెప్పేటప్పుడు అయితన్న పేరు ముందు చెప్పాలి.

1987 జూన్ 20న సలీం అలీ బొంబాయిలో చనిపోయారు. తొంభై ఏళ్లు. మూడేళ్లకు, 1990లో, కోయంబత్తూరు దగ్గర ఆనైకట్టిలో ఆయన పేరుతో పక్షిశాస్త్ర కేంద్రం వచ్చింది.

కలివికోడి దొరికిన చోటు శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యమైంది 1988లో. కృష్ణా నీళ్లను మద్రాసుకు మోసుకుపోయే తెలుగుగంగ కాలువ మొదట ఆ పొదల మీదుగానే పోవాల్సింది. పిట్ట కోసం కాలువను పక్కకు తిప్పారు.